గుమ్మంలోనే వినబడింది

మోతమావయ్యకి ఆ పేరు పెట్టింది అక్క పిల్లలు. చిన్నప్పుడు వాళ్ళు ఎప్పుడు చూసినా ఆయన ఏదో ఒక పియానో కడుపులో తల దూర్చి, ఒకే మెట్టుని పదే పదే బాదుతూ ఉండేవాడు. పాట లేదు, రాగం లేదు, ఊరికే ధణ్, ధణ్, ధణ్. "మావయ్యా, నీకు పాటే రాదా?" అని అడిగితే, "పాట వచ్చినవాడెవడైనా ఈ పని చేస్తాడట్రా?" అనేవాడు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళు పడ్డారు కానీ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆయన పనిచేసే పియానోల దుకాణంలో బరువులు మోసేవాళ్ళూ మోతమావయ్యనే అంటారు. కట్టుకున్న భార్య కూడా, ఎవరైనా ఫోను చేస్తే, "మా మోత ఇంట్లో లేదండీ" అంటుంది.

ఆ మోతకో అర్థం ఉంది. చూసేవాళ్ళకి పియానో అంటే నల్లగా మెరిసే బీరువా. లోపల రెండువందలకి పైగా ఉక్కుతీగలు, ఒక్కో తీగా ఒక్కో బిరడాకి చుట్టి, ఆ బిరడా మందపాటి చెక్కలో దిగేసి ఉంటుంది. కొత్త తీగ సాగుతుంది, దాని బుద్ధే అంత. చెక్క గాలిలో తడి తాగి ఉబ్బుతుంది, ఎండలకి ఆరి ముడుచుకుంటుంది. ఫ్యాక్టరీలో ఒక గాలి, గోదాములో ఒక గాలి, లారీలో ఒక గాలి పీల్చుకుంటూ వచ్చి ఎవరింటి హాల్లోనో దిగిన పియానో, ఆ ఇంటి గాలి ఒంటికి పట్టేదాకా శ్రుతిలో నిలవదు. అందుకే పని తెలిసినవాళ్ళు దుకాణంలోనే మూడు నాలుగు సార్లు తీగలు లాగి సాగనిస్తారు. ఇంటికి చేరాక మూడు వారాలు దాని మానాన దాన్ని వదిలేసి, అప్పుడు శ్రుతి చేస్తారు. మొదటి ఏడాది కాలం మారినప్పుడల్లా మళ్ళీ చేస్తారు.

చెయ్యడంలో కూడా మర్మం ఉంది. పానాతో బిరడాని ఊరికే వంచితే తీగ అప్పటికి పైకొస్తుంది, వినడానికి తియ్యగానే ఉంటుంది, నాలుగు రోజులు పోతే ఎక్కడిది అక్కడికే జారిపోతుంది. వంచకూడదు, తిప్పాలి. వెంట్రుకవాసి పైకి తీసుకెళ్ళి, కిందకి దించి కూర్చోబెట్టి, మెట్టుని బలంకొద్దీ బాదాలి. "జారేదేదో నా కళ్ళముందే జారాలి" అనేవాడు మోతమావయ్య. ఆ ఒక్క మాట తప్ప ఆయన దగ్గర వేరే వేదాంతం లేదు.

ఇంత తెలిసిన మనిషి చేస్తున్న పని ఏమిటయ్యా అంటే, రోత పని. రోత అన్నది ఆయన మాటే.

దుకాణం బావది, అంటే అక్క మొగుడిది. బావ మంచి మాటకారి. పైన కోటు, లోపల అత్తరు, ఆ లోపల ఏముందో అక్కకే తెలియాలి. ఆయనకో అలవాటు ఉంది. ఎవరైనా బేరం ఆలోచించుకుంటూ కూర్చుంటే, పెన్ను మూత తీసి చెవిలో పెట్టి కళ్ళు అరమోడ్చి తిప్పుకుంటాడు. తిప్పుకున్నాక ఆ మూతని ఒకసారి పరీక్షగా చూసుకుని మళ్ళీ పెన్నుకి తగిలించి, అదే పెన్ను సంతకానికి వాళ్ళ చేతికే ఇస్తాడు. వాళ్ళు ఆ పెన్ను పట్టుకుని, మూతని పెదాలకి ఆనించుకుని ఆలోచిస్తారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా మోతమావయ్య ఆ క్షణాన మొహం పక్కకి తిప్పేసుకుంటాడు.

పూర్వం దుకాణంలోనే తీగలు లాగేవాళ్ళు. ఒకసారి ఎవరో కొనుక్కున్నాయన పియానో మూత మీద వేలిముద్ర చూసి, "ఎవరో వాడి వదిలేసింది నాకు అంటగట్టారు" అని నడిరోడ్డు మీద నిలబడి గొడవ చేశాడు. ఆ వేలిముద్ర మోతమావయ్యదే. అంతటితో బావకి జ్ఞానోదయం అయింది. ఇక మీదట పియానోకి దుకాణంలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చెక్కపెట్టె, దాని మీద ఎర్రటి సీలు, ఎలా వచ్చింది అలాగే కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళాలి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాక వాళ్ళ ఎదుటే సీలు కొయ్యాలి. చప్పట్లు, ఫోటోలు. ఆ వెంటనే మోతమావయ్య శ్రుతి చెయ్యాలి, వచ్చిన చుట్టాలు ఇంకా ఉండగానే పాట మోగాలి. అదీ బాదకుండా చెయ్యాలి.

"కొత్త సామానుని గొడ్డుని బాదినట్టు బాదుతుంటే చూసేవాళ్ళ గుండె ఆగిపోతుందయ్యా. మెత్తగా కానియ్యి," అనేవాడు బావ.

"మెత్తగా చేస్తే నిలవదు బావా."

"మనం గుమ్మం దాటేదాకా నిలిస్తే చాలు."

దుకాణం ముందు మాత్రం పెద్ద బోర్డు, 'మా పియానోకి శ్రుతి తగ్గదు' అని. రోజూ ఆ బోర్డు కింద నుంచే పనికి వెళ్ళాలి. తగ్గింది మొర్రో అని ఎవరైనా వస్తే బావ దగ్గర మందు సిద్ధంగా ఉండేది. "కొత్త వాయిద్యమండీ, చెవికి కాస్త అలవాటు కావాలి," అనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళ గురించి విన్నాం. ఇక్కడ మద్దెల నిజంగా ఓడైతే, తప్పు ఆడేవాళ్ళదేనని తేల్చి పంపేవాడు. మద్దెల అమ్మినవాడు కదా.

జనం నమ్మేవాళ్ళు. మోతమావయ్యకి మరీ వెగటు పుట్టించేది అదే. అపశ్రుతి వింటూ వింటూ అలవాటుపడిపోయి, అదే పాట అనుకుని, పిల్లలకి కూడా అదే నేర్పించుకునేవాళ్ళు. మానెయ్యొచ్చు కదా అంటే, ఆయనకి ఈ పని ఇప్పించి మనిషిగా నిలబెట్టింది అక్క. అక్క కాపురం, బావ దుకాణం, తన పని, మూడూ ఒకే తాడుకి కట్టి ఉన్నాయి. ఏది లాగినా మిగతా రెండూ కదులుతాయి. అందుకని మింగలేక కక్కలేక రోజులు గడుపుకొస్తున్నాడు.

అలాంటప్పుడు ఆపరేటరమ్మ పియానో కొనుక్కుంది.

వీధిలో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరి, జుట్టు నెరిసేదాకా చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చున్న మనిషి. అవతలివాళ్ళ దగ్గు విని పేరు చెప్పేసేదట. "మా అక్కకి అబద్ధం చెప్పడం కష్టం బాబూ. నోరు తెరవక ముందే, ఊపిరి పీల్చడంలోనే పట్టేస్తుంది," అని చెల్లెలు చెప్పుకునేది. చెల్లెలు అంటే ఆవిడా డెబ్భైకి దగ్గరపడిన మనిషే. భర్త పోయాక అక్క పంచన చేరి, ఆ అక్కనే అదుపాజ్ఞల్లో పెట్టుకుంది. ఇల్లు చిన్నది. ముందు హాలు, వెనక వంటగది, మధ్యలో ఒక కర్టెను. పియానో వస్తే సోఫా ఎక్కడ పెట్టాలని ఇద్దరూ నెల రోజులు పోట్లాడుకుని, చివరికి సోఫానే పక్కింటికి ఇచ్చేశారు.

సీలు కోసినరోజు చప్పట్లు కొట్టడానికి అక్కడ చెల్లెలు ఒక్కతే ఉంది. ఆవిడ కూడా కొట్టలేదు. మోతమావయ్య మెత్తగా, బావ చెప్పినట్టే, పని కానిచ్చాడు. ఆపరేటరమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని వింది. ఆయన పానా కింద పెట్టబోతుంటే, "ఆ ఎడమవైపు మెట్టు ఒక్క పిసరు కిందకి ఉందేమో చూడు నాయనా," అంది. చూస్తే నిజమే. ఒక్క పిసరే. ఆ పిసరు పట్టే చెవి ఈ ఊళ్ళో తనది తప్ప ఇంకొకటి ఉందని మోతమావయ్యకి ఆ రోజే తెలిసింది. ఆవిడ చిన్నప్పుడు ఎవరింట్లోనో నేర్చుకున్న నాలుగు వరసల పాట ఒకటి, తప్పులతో, వాయించుకుంది. వాయించి చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇంతకాలం జనం మాటలే విన్నాను. ఇక కాస్త మంచి చప్పుడు వింటాను," అంది. మోతమావయ్య తలొంచుకుని సంచి సర్దుకున్నాడు. ఆ మంచి చప్పుడు ఎన్నాళ్ళుంటుందో తెలిసినవాడు ఆయన ఒక్కడే.

నెల తిరక్కముందే ఆవిడ దుకాణానికి ఫోను చేసింది. బావ మోతమావయ్యని పక్కకి పిలిచాడు.

"వెళ్ళు. నాలుగు మెట్లు నొక్కు. బాగుందని చెప్పు. వచ్చెయ్యి. పానా మాత్రం తియ్యకు. చెయ్యి పెట్టావంటే తగ్గిందని మనమే ఒప్పుకున్నట్టు. రేపు ఊరంతా క్యూ కడుతుంది."

"ఆవిడ చెవి మామూలు చెవి కాదు బావా. అలవాటు కావాలంటే ఒప్పుకోదు."

"వయసెంత ఆవిడకి?"

మోతమావయ్య సంచి అందుకున్నాడు. బావ నవ్వి పెన్ను మూత తీశాడు. "ఇంకేం మరి. అదే చెప్పు."

దారిలో ఉండగా అక్క ఫోను చేసింది. "మీ బావ పరువు నీ చేతిలో ఉందిరా తమ్ముడూ. నా మొహం చూసి ఈ ఒక్కసారికి," అంది. ఒక్కసారికి అన్న మాట ఆ ఇంట్లో ఎన్నోసారో లెక్కే లేదు.

ఆపరేటరమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల చెల్లెలు పియానో మెట్లు గుడ్డతో తుడుస్తోంది, ఈ చివర నుంచి ఆ చివరకి, వంటగట్టు తుడిచినట్టు. గుడ్డ కింద మెట్లు వరసగా మోగాయి. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న మోతమావయ్యకి పళ్ళు జివ్వుమన్నాయి. నడిమి భాగమంతా దిగిపోయింది. ఒక్కో మెట్టుకి మూడేసి తీగలు, మూడూ మూడు దారులు పట్టాయి. పాచిపోయిన కూర గిన్నె మూత తీసినట్టు ఉంది ఆ చప్పుడు.

"వచ్చావా నాయనా," అంటూ ఆపరేటరమ్మ లేచింది. "ఈ నడిమి మెట్లు విను. మొదట్లో ఒక్క గొంతుతో పలికేవి. ఇప్పుడు ఒకే లైను మీద ముగ్గురు మాట్లాడుతున్నట్టుంది."

అంతకంటే సరిగ్గా ఆ జబ్బుని ఎవరూ చెప్పలేరు. మోతమావయ్య కూర్చుని నాలుగు మెట్లు నొక్కాడు. నాలుగూ ఏడ్చాయి.

"పియానో బాగానే ఉందమ్మా," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "వయసు మీద పడ్డాక చెవులు కాస్త అటూ ఇటూ అవుతాయి. అందరికీ ఉండేదే."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "నీకు తేడా వినబడటం లేదా?"

"లేదమ్మా."

"నేను చెప్తూనే ఉన్నానా," అంది చెల్లెలు గుడ్డ దులుపుతూ. "మొన్న కుక్కరు కూత కూడా నీకు వినబళ్ళేదు."

"వినబడింది. నువ్వు లేస్తావులే అని లేవలేదు," అంది ఆపరేటరమ్మ. కానీ ఆ మాట మునుపటి గొంతుతో అనలేదు. చెయ్యి తనకి తెలియకుండానే చెవి దగ్గరకి వెళ్ళింది. తర్వాత లోపలికి వెళ్ళి తనే కాఫీ కలిపి తెచ్చి, అంత దూరం నుంచి అనవసరంగా రప్పించానని ఆయనకి క్షమాపణ చెప్పింది. ఆయన ఆ కాఫీ చివరిదాకా తాగాడు. వీధి మలుపు తిరిగాక గోడ వారన నిలబడి రెండుసార్లు ఉమ్మాడు. చక్కెర తీపి పోయింది గానీ నోట్లో చేదు పోలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేశాడు. "బయట ఏం తినొచ్చారు?" అంది భార్య. జరిగింది చెప్పాడు. ఆవిడ చేతిలో గరిటె గిన్నెలో పెట్టేసింది.

"మనకి అన్నం పెడుతున్నది మీ చెవులు. అలాంటిది ఇంకొకళ్ళ చెవులు తీసుకెళ్ళి మీ బావ చేతిలో పెట్టొచ్చారా?"

"మళ్ళీ వెళ్ళి సరిచేస్తాలే. బావకి తెలీకుండా."

"కాళ్ళు కడుక్కోవచ్చు కదా అని బురదలోకి దిగేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు," అని ఆవిడ పళ్ళెం తీసేసింది.

వెళ్దామనే అనుకున్నాడు. ఈ వారం పెళ్ళివారి పియానో ఉంది, వచ్చే వారం కాన్వెంటుది ఉంది, ఆ తర్వాత వాన. సిగ్గుపడినవాడికి ప్రతిరోజూ ఏదో ఒక పని తగులుతుంది. ఆపరేటరమ్మ మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఫోను రాలేదంటే సమస్య లేదనుకున్నాడు బావ. అలా అనుకోవడానికి మోతమావయ్య కూడా నానా తంటాలూ పడ్డాడు.

ఒకరోజు దుకాణానికి చెల్లెలు వచ్చింది. "మీ పియానో మీరు తీసుకెళ్ళిపోండి. అక్క మూత వేసేసింది," అంది.

"అయ్యో, ఏమైందమ్మా?" అన్నాడు బావ, కుర్చీ జరుపుతూ.

"చెవుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. ఆ వయసుకి ఎంతో కొంత తగ్గుతుందట, రెండు చెవులకీ వినికిడి మిషన్లు పెట్టాడు. పెట్టాక పియానో రేకు డబ్బాలాగా వినిపిస్తోందట. ఇంక నా వల్ల కాదు అంది. ఇప్పుడు ఏది విన్నా నన్నే అడుగుతోంది. కాలింగ్ బెల్లు మోగిందా అంటుంది, వానేనా అది అంటుంది. మోగుతూనే ఉంటుంది, పడుతూనే ఉంటుంది. అయినా నన్నడగందే నమ్మదు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మొన్న నేను పిలిస్తే, నిజంగా పిలిచావా అని అడిగింది."

బావ చాలా విచారించాడు. ఆవిడని గుమ్మందాకా సాగనంపి, వెనక్కి తిరిగేసరికి మొహం వెలిగిపోతోంది. "పెట్టె గోదాములోనే ఉందోయ్. కొత్త సీలు వేద్దాం. నువ్వెళ్ళి మూత బిగించి, గుడ్డ చుట్టి ఉంచు, లారీ పంపుతాను."

ఇది కొత్త సంగతి కాదు. వెనక్కి వచ్చిన పియానోలు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళేవి, మళ్ళీ ఇంకొకళ్ళ ఎదుట సీలు కోయించుకునేవి. అందులో తమాషా ఏమిటంటే, ఊరంతటిలో శ్రుతి నిలిచేవి అవే. అప్పటికే ఒకళ్ళ ఇంట్లో సాగాల్సినంత సాగి ఉండేవి కదా. బావ వాటినే చూపించి బోర్డుకి రుజువు అనేవాడు. ఇన్నాళ్ళూ మోతమావయ్య దాన్ని తలుచుకుని లోలోపల నవ్వుకునేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

గుడ్డ, తాడు దుకాణంలోనే వదిలేశాడు. పానా సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు.

తలుపు తీసిన ఆపరేటరమ్మ చెవుల వెనక మిషన్లు కనబడ్డాయి. హాల్లో పియానో మూత మీద ఇస్త్రీ బట్టలు దొంతరగా ఉన్నాయి. చెల్లెలు వంటగదిలో ఏదో తరుగుతోంది. మోతమావయ్య కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు మీ చెవుల తప్పేమీ లేదు. పియానో శ్రుతే పోయింది. నాకు గుమ్మంలోనే వినబడింది. నేను అబద్ధం చెప్పాను."

ఈ మాట చెప్పడానికి దారి పొడుగునా గుండె దిటవు చేసుకుంటూ వచ్చాడు. చెప్పేస్తే సగం పాపం పోతుందని లోపల ఒక ఆశ. ఆవిడ తిడుతుందనుకున్నాడు. ఆవిడ నవ్వింది.

"నువ్వు మంచివాడివి నాయనా. వెనక్కి ఇచ్చేస్తున్నానని బాధపడతాననుకుని చెప్తున్నావు. డాక్టరు చూశాడుగా. ఇంక దాచడం దేనికి?"

అబద్ధం చెప్తే ఒక్క మాటకే నమ్మింది. నిజం చెప్తుంటే ఓదార్పు అనుకుంటోంది.

"ఆ మిషన్లు ఒక్క నిమిషం తీసి కూర్చోండమ్మా," అని బతిమాలాడు. ఆవిడ తీసి ఒళ్ళో పెట్టుకుంది. బట్టలు తీసి కుర్చీలో పెట్టి, పియానో ముందు పలక ఊడదీశాడు. నట్టనడుమ ఒక మెట్టు ఎంచుకుని, దాని మూడు తీగలూ సరిచేసి ఒక్క గొంతుకి తెచ్చాడు. నొక్కాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

మూడింటిలో ఒక తీగ వదులు చేశాడు. నొక్కాడు. గది గదంతా పులిసినట్టయింది. "ఇప్పుడు?"

ఆవిడ పియానో వైపు చూడటం లేదు. ఆయన మొహం చూస్తోంది, జవాబు అక్కడ రాసి ఉన్నట్టు. "బాగానే ఉంది," అంది.

ఇంకా వదులు చేశాడు. చెవులున్నవాడెవడూ ఆ గదిలో కూర్చోలేడు. "ఇప్పుడమ్మా?"

"బాగుంది నాయనా. నువ్వు చేశాక బాగుండకేం."

మోతమావయ్య పానా కింద పెట్టేశాడు. తను చేసి వెళ్ళింది ఏమిటో ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉంది. తీగ జారితే లాగొచ్చు. దీన్ని ఏ పానాతో లాగాలి? ఏం చెయ్యాలో తోచక, అదే మెట్టుని అలాగే, పిచ్చివాడిలా, ధణ్ ధణ్మని బాదాడు.

"ఏంటా ఏడుపు?" అని వంటగదిలో నుంచి చెల్లెలు కేకేసింది. "పిల్లి తోక తలుపులో పడిందా?"

ఆపరేటరమ్మ తల కర్టెను వైపు తిరిగింది.

చెల్లెలు కత్తి పట్టుకునే వచ్చి కర్టెను పక్కన నిలబడింది. "ఇందాక ఒకసారి బానే మోగింది. ఇప్పుడేదో పాడుచేశాడు చూడక్కా. వింటుంటే ఒళ్ళు గగుర్పొడుస్తోంది."

ఆపరేటరమ్మ చెల్లెలి వైపు చూసింది. "దీనికి పాటకీ ప్రకటనకీ తేడా తెలీదు," అంది మెల్లగా. "దీనికి కూడా వినబడింది." తర్వాత మోతమావయ్య వైపు చెయ్యి చాచింది. "అది ఇలా ఇవ్వు."

పానా ఇచ్చాడు. ఏ బిరడాకి తగిలించాలో చూపించాడు. ఆవిడ ఒక చేత్తో మెట్టు నొక్కుతూ, రెండో చేత్తో పానా తిప్పింది. తీగ మూలుగుతూ పైకి వచ్చింది, మూడు గొంతులు రెండయ్యాయి, రెండూ దగ్గరయ్యాయి. మోతమావయ్య ఊపిరి బిగబట్టాడు. ఇంకొక్క పిసరు. ఆవిడ ఆగింది. ఆగాల్సిన చోటే ఆగింది.

ఆ మెట్టుని ఇంకోసారి నొక్కి, అది పూర్తిగా సద్దుమణిగేదాకా వింది. అప్పుడు అడిగింది. "గుమ్మంలోనే వినబడిందన్నావా?"

"అవునమ్మా."

"ఆ రోజు నువ్వు మాట్లాడే ముందు ఊపిరి పీల్చావు. తేడాగా అనిపించింది నాకు. అది కూడా నా చెవుల తప్పే అనుకున్నాను."

చెల్లెలికి సంగతి అప్పటికి అర్థమైంది. ఆవిడ నోరు తెరవబోతే అక్క చేత్తో ఆపింది.

"శ్రుతి చెయ్యి," అంది. "ఎలా చెయ్యాలో అలా చెయ్యి. ఎంత బాదాలంటే అంత బాదు. నేను ఇక్కడే కూర్చుంటాను."

ఎన్నో ఏళ్ళ తర్వాత మోతమావయ్య ఒక కొత్త పియానోని తన ఇష్టప్రకారం బాదాడు. పక్కింటివాళ్ళు వచ్చి తొంగిచూసి వెళ్ళారు. పొద్దు వాలేదాకా పట్టింది. చివరి తీగ అయ్యాక చెమట తుడుచుకుని, "ఇది ఇప్పుడే పూర్తిగా నిలవదమ్మా. కాలం మారినప్పుడు మళ్ళీ రావాలి. ఏడాదిలో మూడు నాలుగు సార్లు," అన్నాడు.

"ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరా చేసేవాళ్ళు?"

"లేరమ్మా."

ఆవిడ మొహంలో అప్పుడు కనబడింది కోపం కాదు. కోపమైతే ఆయన సంతోషంగా తలొగ్గేవాడు. కాలి కింద ఏదో మెత్తగా తగిలితే ఎలా చూస్తారో అలా చూసింది. "సరే, రా. చేతులతో పని చేసుకుని వెళ్ళు. నీ నోటితో నాకు పనిలేదు," అంది. ఈసారి కాఫీ ఇవ్వలేదు.

వీధిలోకి వచ్చేసరికి బావ ఫోను. "లారీ పంపనా? పెట్టె దింపించాను."

"ఆ పెట్టె పొయ్యిలో పెట్టుకో బావా," అని కట్ చేశాడు.

బావ కొన్నాళ్ళు మొహం మాడ్చుకున్నాడు. అక్క కొన్నాళ్ళు మాట్లాడలేదు. కానీ ఊళ్ళో ఇంకెవరూ లేరన్నది బావకీ వర్తిస్తుంది కనుక, మూడు వారాలు ఆగనిదే మోతమావయ్య పానా తియ్యడన్న షరతు చచ్చినట్టు ఒప్పుకోవాల్సి వచ్చింది. బోర్డు మాత్రం ఇంకా తియ్యలేదు. పెన్ను మూత సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాలం మారినప్పుడల్లా మోతమావయ్య ఆపరేటరమ్మ ఇంటికి వెళ్తాడు. తలుపు చెల్లెలు తీస్తుంది. ఆయన పలక ఊడదీసి, బాదాల్సినంత బాదుతాడు. అయ్యాక బాగుందనీ అనడు, బాగుందా అనీ అడగడు. పానా చేతిలోనే పట్టుకుని గోడ పక్కన నిలబడతాడు. ఆవిడ వచ్చి కూర్చుని, ఒక్కో మెట్టే నొక్కుకుంటూ వెళ్తుంది. ఎక్కడో ఒక చోట ఆగి, ఆయన మొహం వైపు చూడకుండానే, "ఇది," అంటుంది. ఆయన చెవికి అది సరిగ్గానే ఉంటుంది. అయినా వెళ్ళి ఆ మెట్టుని ఇంకోసారి గట్టిగా బాదుతాడు. ఒక్కోసారి నిజంగానే జారుతుంది.